తొమ్మిదో బొబ్బట్టు

మేనత్తల్లో మంచివాళ్ళు కూడా ఉంటారు. పాలవెల్లి రాకుమారుడు మకరందుడికి వచ్చిన చిక్కంతా అదే. కనకాంగీదేవి మంచిది. చెడ్డదైతే ఏ కోటబురుజులోనో కొలువుంచి, వేళకి పాలూ పళ్ళూ పంపించి ఊరుకునేవాడు. మంచి మేనత్తని ఏం చెయ్యాలో మాత్రం ఏ రాజనీతిలోనూ రాసి లేదు.

ఇప్పుడే చూడండి. చుట్టూ నీలాలు కరిగించి పోసినట్టు మహాసముద్రం. తూర్పున కుంకుమభరిణె ఒలికినట్టు సూర్యోదయం. కెరటాలు ఏనుగుల బారుల్లా తొండాలెత్తి లేస్తున్నాయి. ఆ నడిసంద్రంలో ఓ మోస్తరు అగ్రహారమంత తాబేలు ఈదుకుంటూ పోతోంది. దాని వీపు మీద నాచు పచ్చికబయలులా పెరిగింది, పగడపు పొదలు పూచాయి, నాలుగైదు కొంగలు కాపరాలు పెట్టాయి. మెడ దగ్గర మకరందుడు ఒరలోంచి కత్తి దూసి, గాలికి ఉత్తరీయం ఎగురుతుంటే, ప్రళయం వచ్చినా ఎదుర్కొనేట్టు నిలబడ్డాడు. ఆ నిలబడ్డ వీరుడి నోట్లోకి పక్కనించి ఓ సున్నుండ వచ్చి చేరింది.

"నమిలి మాట్లాడు," అంది మేనత్త.

"నేనేం మాట్లాడలేదత్తా."

"అయితే ఇంకోటి తిను."

"వద్దు."

"ఒకసారి వద్దంటే ఒకటి, గట్టిగా వద్దంటే రెండు," అంటూ రెండు పెట్టి, ఆవిడ వెళ్ళి రత్నకంబళి మీద కూర్చుంది. ఒళ్ళో ఉన్న ఇత్తడి కూజాని పట్టుకొంగుతో తుడిచి, "తమ్ముడూ, ఎండ తగులుతోందా?" అని అడిగి, కాస్త నీడకి జరిపింది.

ఆ కూజా సంగతి చెప్పాలి. అది మహారాజు.

జరిగింది ఇదీ. సముద్రానికి అవతల తామ్రకూటమని ఓ దేశం ఉంది. ఆ దేశపు రాణి పాలవెల్లితో స్నేహం కోరి, తన ఆస్థాన మాంత్రికుడు అగ్నిశిఖుణ్ణి రాయబారిగా పంపింది. పాలవెల్లిలో రాయబారం అంటే ముందు భోజనం. ఆ భోజనానికో మర్యాద ఉంది. అతిథి వద్దనాలి, వడ్డించేవాళ్ళు వినకూడదు. మొదటి వద్దు సిగ్గు కొద్దీ అంటారు, రెండోది ఇంటివాళ్ళ మీద జాలితో అంటారు, మూడోది పక్క విస్తరివాళ్ళు చూస్తున్నారని అంటారు. ఆ తర్వాత కూడా అతిథి కోడి పిల్లల్ని కప్పుకున్నట్టు విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెడితే, అప్పుడు అనుమానించాలి, నిజంగానే వద్దేమోనని.

తామ్రకూటంలో ఇవేం లేవు. అక్కడ ఒకసారి అడుగుతారు, ఒకసారి చెబుతారు, అంతే. అగ్నిశిఖుడు రెండో బొబ్బట్టు దగ్గర "చాలు" అన్నాడు. వడ్డిస్తున్న కనకాంగీదేవి మురిసిపోయింది. పరదేశీయుడై ఉండీ ఎంత మర్యాద తెలిసినవాడని, మూడోది వేసింది. ఆయన చాలన్నకొద్దీ ఈవిడకి ఆయన మీద గౌరవం పెరిగింది, గౌరవం పెరిగినకొద్దీ నెయ్యి పెరిగింది. తొమ్మిదో బొబ్బట్టు విస్తట్లో పడగానే అగ్నిశిఖుడు లేచాడు. కళ్ళు చింతనిప్పులయ్యాయి. చెయ్యెత్తి మంత్రం విసిరాడు. అది కనకాంగీదేవికి తగలాల్సిందే. ఆ క్షణాన ఆవిడ ఇంకాస్త నెయ్యి కోసం వంగింది. మంత్రం ఆవిడ తల మీదుగా పోయి, వెనకాల కూజా పట్టుకుని అతిథులకి స్వయంగా మంచినీళ్ళు పోస్తున్న మహారాజుకి తగిలింది. పొగ విడిపోయేసరికి అక్కడ రెండు కూజాలున్నాయి. ఏది ఏదో తేలడానికి కాస్సేపు పట్టింది. మూత తీసి చూస్తే ఒకదాంట్లో నీళ్ళున్నాయి, ఒకదాంట్లో గురక వినిపించింది.

మహారాజు కూజా మీద ఓ పద్మం చెక్కి ఉంది. రోజులు గడిచేకొద్దీ దాని రేకులు ఒక్కొక్కటే మాసిపోతున్నాయి. ఆఖరి రేకు మాసిందంటే మహారాజు ఇక శాశ్వతంగా వంటింటి సామానే. శాపానికి విరుగుడు కూడా అగ్నిశిఖుడు వెళుతూ వెళుతూ చెప్పే వెళ్ళాడు. తామ్రకూటంలో చంద్రధార అనే ఊట ఉంది, ఆ నీళ్ళు మూడు చుక్కలు చల్లాలి. లేదా, వడ్డించినావిడ తనది తప్పని తన నోటితో చెప్పాలి, చెబితే తనే శాపం తీసేస్తాడు.

రెండోది తేలిక. దారిఖర్చులుండవు. కనకాంగీదేవి మాత్రం, "వడ్డించడం తప్పయితే సూర్యుడు పొడవడమూ తప్పే. అయినా ఆయన వద్దన్నట్టు నాకు వినపడనే లేదు," అని, సముద్రం దాటడానికి పిండివంటల పెట్టెలు సర్దుకుంది. ఆవిడ నోట తప్పు అన్న మాట విన్నవాళ్ళు లేకపోలేదు. అది ఎప్పుడూ ఎదుటివాళ్ళదే.

ఈలోగా పాలవెల్లిలో గొడవ రాజుకుంది. రేవు పక్కన పరదేశివీధిలో తామ్రకూటం వాళ్ళు తాతల కాలంనించీ ఉన్నారు. నిన్నటిదాకా వాళ్ళ దగ్గరే దీపపుసెమ్మెలు కొనుక్కున్నవాళ్ళు, రాజుగారు కూజా అయ్యారనగానే వాళ్ళ గడపల మీద బురద చల్లారు. ఆఖరి రేకు మాసేలోగా మహారాజు మనిషి కాకపోతే పరదేశివీధిని మొత్తం ఓడలెక్కించి పంపేస్తానని ప్రధాని చాటింపు వేయించాడు. ఆ వీధిలోనే కెంపి ఇల్లుంది. తండ్రి తామ్రకూటం కంచరి, తల్లి పాలవెల్లి పూలమ్మి. తాబేలు కెంపిది. చాటింపు విన్న పూటే కెంపి కోట రేవుకి వచ్చి, "మిమ్మల్ని అవతలికి తీసుకెళతాను. రాజుగారి కోసం కాదు, మా ఇంటి కోసం," అని మకరందుడితో చెప్పింది. రాకుమారుడితో ఇంతవరకు ఎవరూ అలా చెప్పలేదు. అతనికి అది నచ్చింది. మేనత్తకి నచ్చలేదు.

"ఆ పిల్లకి మాట నేర్పినవాళ్ళు లేరు," అంది కనకాంగీదేవి ఇప్పుడు, కెంపికి వినిపించేంత గుసగుసగా.

"ఇద్దరు నేర్పారమ్మగారూ," అంది కెంపి, తాబేలు మెడ నిమురుతూ. "అందుకే తిప్పలు. అమ్మ వడ్డించిన పూట అజీర్తి, నాన్న వడ్డించిన పూట ఆకలి."

"ఆకలైతే అడగొచ్చుగా మీ నాన్నని?"

"అడగబోతే అమ్మ చూసి, పిల్లకి సిగ్గులేదంటుంది."

సరిగ్గా అప్పుడే సముద్రం విచ్చుకుంది. కాటుక కొండలాంటి తల, దాని చుట్టూ పాముల్లా జలగల్లా జడలు, పూరిళ్ళంత పళ్ళు, పళ్ళ సందున ఇరుక్కున్న తెరచాపలు. జలరక్కసి. దాని ఊపిరికి కొంగలు సంసారాలు వదిలి ఎగిరిపోయాయి.

"మీ ముగ్గుర్లో ఒకర్ని తింటాను," అంది రక్కసి. "ఎవర్నో మీరే తేల్చుకోండి. నాకు తొందర పనుంది."

మకరందుడు కత్తి ఎత్తాడు. "పాలవెల్లి వంశాంకురాన్ని, మకరందుణ్ణి నేనుండగా..."

"ఉండరా," అని కనకాంగీదేవి అతన్ని పక్కకి జరిపింది. "చూడమ్మా, పరగడుపున మనిషి మాంసం అరగదు. ముందు కాస్త నోరు తీపి చేసుకో." పెట్టె మూత తీసింది. నేతి సువాసన సముద్రం మీద పరుచుకుంది.

రక్కసి నిర్ఘాంతపోయింది. దాన్ని పొడిచినవాళ్ళున్నారు, నిప్పులు పోసినవాళ్ళున్నారు. కూర్చోమన్నవాళ్ళు లేరు. పైగా అది పుట్టి పెరిగింది పాలవెల్లి తీరంలోనే కావడంతో దానికి మొహమాటం జాస్తి.

"అబ్బే, ఇప్పుడెందుకండీ. ఇందాకే ఓడ తిన్నాను," అంది.

"ఓడేం భోజనం. ఉత్త కర్ర. తిను."

మొదటి వద్దు, రెండో వద్దు, మూడో వద్దు అయ్యాయి. సున్నుండల పెట్టె ఖాళీ అయింది. జంతికల పెట్టె ఖాళీ అయింది. అరిసెల దగ్గర రక్కసి రెండు చేతులూ అడ్డం పెట్టి, "మీ కాళ్ళకి మొక్కుతాను," అంది. కనకాంగీదేవి "నా మీద ఒట్టు" అంది. ఆ ఒట్టుతో పాటు అరిసెల పెట్టె కూడా దిగమింగి, జలరక్కసి త్రేన్చింది. ఆ త్రేన్పు గాలికి తాబేలు ఆమడ దూరం ముందుకి పోయింది. వెనక్కి తిరిగి చూస్తే రక్కసి వెల్లకిలా తేలుతూ, "అరిసెలు పెట్టినావిణ్ణి తింటే నరకానికి పోతాను," అని గొణుక్కుంటూ నిద్రలోకి జారుతోంది.

"చూశావా," అంది మేనత్త, చేతులు దులుపుకుంటూ. "వడ్డనతో ఏనాడైనా ఎవరైనా చెడ్డారా?"

మకరందుడు కూజా వైపు చూశాడు. కూజా ఏమీ అనలేదు. మనిషిగా ఉన్నప్పుడు కూడా అక్కగారి మాటకి మహారాజు ఎదురు చెప్పి ఎరగడు. పద్మానికి ఒక్కటే రేకు మిగిలి ఉంది.

తామ్రకూటం కనిపించేసరికి ఎండ నిలువెత్తు ఎక్కింది. కొండకొమ్మున నగరం. రాగి గోపురాలు, రాగి గోడలు, రాగి తలుపులు, మొత్తం ఊరంతా ఎవరో అప్పుడే చింతపండుతో తోమి బోర్లించినట్టు తళతళలాడుతోంది. ముగ్గుల్లేవు, తోరణాల్లేవు. ద్వారం దగ్గర భటుడు "ఎందుకొచ్చారు?" అని అడిగాడు. పాలవెల్లిలో ఆ ప్రశ్న వేస్తే అవమానం. ఇక్కడ అది స్వాగతం. వాళ్ళు మాట్లాడేదీ మన భాషే, గారూ అండీ తీసేస్తే మిగిలేది.

కెంపి దారి పొడుగునా పాఠం చెప్పింది. "రాణి చంద్రధార నీళ్ళు తెప్పించి కావాలా అని అడుగుతుంది. ఎవరడిగినా ఇస్తారిక్కడ, శాపం తగిలినవాళ్ళతో రక్తసంబంధం ఉంటే చాలు. కానీ ఒక్కసారే అడుగుతుంది. వద్దన్నది ఏడాది దాకా మళ్ళీ ఇవ్వరు. 'కావాలి' అనండి. ఒక్క మాట."

"కావాలి," అన్నాడు మకరందుడు. "కావాలి. కావాలి." అతను అడవిపందిని ఒంటిచేత్తో పడగొట్టినవాడు. ఆ మాట మాత్రం అతని నోట్లో వేడి దుంపలా అటూ ఇటూ దొర్లింది.

సభలో రాణి తామ్రలోచన ఎత్తైన రాతిగద్దె మీద కూర్చుని ఉంది. నగల్లేవు. చూపే చాలన్నట్టుంది. కబుర్లు లేవు, కుశలప్రశ్నలు లేవు. స్ఫటికపు గిన్నెలో చంద్రధార తెప్పించింది. ఆ నీళ్ళు పగటిపూట కూడా వెన్నెల రంగులో మెరుస్తున్నాయి.

"రాకుమారా, ఈ నీళ్ళు నీకు కావాలా?"

మకరందుడు నోరు తెరిచాడు. ఇరవై తరాల పాలవెల్లి రాజులు, వాళ్ళ తల్లులు, పినతల్లులు, మేనత్తలు, అందరూ కలిసి అతని గొంతులోంచి ఒక్కసారిగా మాట్లాడారు.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ."

జవాబు చెల్లిందని సభలో గంట మోగింది. రాణి గిన్నె దించింది. మకరందుడు తన నోటిని తనే రెండు చేతులతో మూసుకున్నాడు, ఆలస్యంగా.

రాణి కనకాంగీదేవి వైపు తిరిగింది. "నువ్వు కూజాకి అక్కవి. నీకు కావాలా?"

కనకాంగీదేవి మేనల్లుణ్ణి ఓ చూపు చూసింది, చేతకాని వెధవా అన్నట్టు. కొంగు సర్దుకుంది. ముందుకి నడిచింది. గిన్నె చూసింది, రాణిని చూసింది, గొంతు సవరించుకుంది. కెంపి కళ్ళు మూసుకుంది.

"పర్వాలేదమ్మా," అంది కనకాంగీదేవి. "మేం ఇప్పుడే తాగి వచ్చాం."

గంట మళ్ళీ మోగింది.

రాణికి కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు. "నీళ్ళ కోసం సముద్రం దాటి వచ్చి, నీళ్ళు వద్దంటారేం?" అని కెంపిని అడిగింది. కెంపికి ఆ ప్రశ్నకి జవాబు తెలుసు, చెప్పడానికి మాత్రం ఓ జన్మ పడుతుంది. ముగ్గుర్నీ భటులు మర్యాదగా బయట పెట్టారు. ఆ దేశంలో మర్యాదంటే నెట్టకపోవడం.

కోటగోడ నీడలో మకరందుడు కత్తి మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. కూజా మీద ఆఖరి రేకు సగానికి వచ్చింది.

"నీకు చెప్పినంతసేపు పట్టలేదురా ఆ మాట మర్చిపోడానికి," అంది మేనత్త.

"నువ్వు తాగి వచ్చామన్నావత్తా."

"మరి నీళ్ళు కూడా దొరకని ఇంటినించి వచ్చామనుకోదూ?"

కెంపి లేచి నిలబడింది. ఏడుస్తోందేమో అనుకున్నారు గానీ లెక్క వేస్తోంది. "ఇంకో దారి ఉంది," అంది. "చంద్రధార ఊట మీద ఎత్తైన బురుజు. అందులో అగ్నిశిఖుడు ఉంటాడు. మధ్యాహ్నం భోజనంలో అతనికి తాగడానికి పెట్టేది ఆ నీళ్ళే, అతని పీట ముందు దించితే గాని ఆ గిన్నె మూత తెరుచుకోదు. తాగగా మిగిలింది వడ్డించేవాళ్ళు తీసుకుపోతారు. మనం వడ్డించేవాళ్ళమై వెళదాం."

"గుర్తుపట్టడూ?" అన్నాడు మకరందుడు.

"ఇక్కడ వడ్డించేవాళ్ళు రాగి తొడుగులు పెట్టుకుంటారు మొహానికి. వడ్డించే మనిషి మొహం కనిపిస్తే చాలనడానికి మొహమాటమొస్తుందని."

కనకాంగీదేవి ఓ క్షణం ఆలోచనలో పడింది. "అంటే వీళ్ళకీ మొహమాటం ఉందన్నమాట."

"ఉంది. దాన్ని తొడుగు కింద పెట్టుకుంటారు," అంది కెంపి. "అమ్మగారూ, మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఒక గరిటె. అతను చాలంటే ఆపెయ్యాలి."

"ఆపడం కూడా నేర్పాలా నాకు?"

కెంపి అప్పటికే వంటశాల దారి పట్టింది.

వంటశాలలోకి చొరబడ్డం, ముగ్గురు వడ్డనవాళ్ళని చీకటి కొట్లో పెట్టి గడియ వేయడం రెప్పపాటులో అయిపోయాయి. మకరందుడు చేసిన వీరకృత్యాల్లో ఆ రోజు మేనత్త అడ్డురానిది అదొక్కటే. తొడుగులు పెట్టుకున్నారు. కెంపి దుంపల కుండ పట్టుకుంది, మకరందుడు నీళ్ళ గిన్నె పట్టుకున్నాడు, కనకాంగీదేవి ఓ చేత్తో గరిటె పట్టుకుని రెండో చంకన కొంగు చాటున తమ్ముణ్ణి దాచుకుంది. బురుజు మెట్లు పాములా మెలికలు తిరుగుతూ పైకి పోతున్నాయి. మలుపు మలుపుకీ కంచుసింహాలు. ఒక్కో సింహం వాళ్ళని వాసన చూసి, ఉడికిన దుంపల వాసన తగలగానే నిరాశగా మొహం తిప్పుకుంది.

"ఇందులో ఉప్పేదీ?" అని గొణిగింది కనకాంగీదేవి కుండలోకి తొంగిచూసి.

"అమ్మగారూ."

"పోపైనా లేదు."

"అమ్మగారూ."

పైన గుండ్రటి గది. కిటికీలన్నిటిలోంచీ ఆకాశమే. మధ్యలో ఒక్క పీట, పీట ముందు ఒక్క పళ్ళెం, పళ్ళెం ముందు అగ్నిశిఖుడు. కనకాంగీదేవి అతన్ని చూసి ఆగిపోయింది. పాలవెల్లికి వచ్చిననాడు తాటిచెట్టులా ఉన్న మనిషి ఇప్పుడు తాటాకులా ఉన్నాడు. కళ్ళు లోతుకి పోయాయి, దవడలు అతుక్కుపోయాయి.

కెంపి కుండ దించింది. మకరందుడు గిన్నె పెట్టాడు, దాని మూత తెరుచుకుంది. కనకాంగీదేవి ఒక గరిటె దుంపల ముద్ద వేసింది.

"చాలు," అన్నాడు అగ్నిశిఖుడు.

కెంపి తొడుగులోంచి కళ్ళతోనే దణ్ణం పెట్టింది. కనకాంగీదేవి గరిటె కుండలో ఆగింది. ఆగే ఉంది. ఆవిడ మనసు కూడా ఆగింది. అంతలో అగ్నిశిఖుడి మణికట్టు మీద ఎముక కనిపించింది, ఇంత సన్నగా. మనసు ఆగే ఉంది. చెయ్యి లేచింది.

రెండో గరిటె పళ్ళెంలో పడింది.

అగ్నిశిఖుడు మెల్లిగా చెయ్యి చాచి ఆ గరిటె చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ చెయ్యి నాకు తెలుసు," అన్నాడు.

తర్వాతిదంతా ఒక్క ఉదుటున జరిగింది. అగ్నిశిఖుడు లేచాడు. మంత్రం మెరుపులా వచ్చింది. మకరందుడు మేనత్తకి అడ్డంగా దూకాడు. పొగ లేచి విడిపోయేసరికి రాకుమారుడు ఉన్నచోట ఓ అందమైన నేతిగిన్నె దొర్లుతోంది, చెవికి కుండలాల్లాంటి పిడులతో. కెంపి నీళ్ళ గిన్నె అందుకోబోయింది. అంతకు ముందే నేతిగిన్నె దొర్లుకుంటూ వెళ్ళి దానికి తగిలింది. చంద్రధార నేల మీద వెన్నెలలా పరుచుకుని, రాతిసందుల్లోకి ఇంకిపోయింది. కింద గంటలు మోగాయి. మెట్ల మీద కంచుసింహాల గర్జనలు, భటుల అడుగులు. కెంపి తలుపు మూసి అడ్డుకర్ర వేసి, వీపు ఆనించి నిలబడింది.

కనకాంగీదేవి తొడుగు తీసేసింది. కొంగు చాటునించి కూజా తీసి చూసింది. పద్మం మీద గోటి చివరంత రేకు మిగిలింది.

"శాపం తియ్యి నాయనా," అంది.

"మాట చెప్పు. తీస్తాను."

"ఇంత చిక్కిపోయావేం?"

"అది కాదు నేనడిగిన మాట." అగ్నిశిఖుడి గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఆ రోజునించీ తినలేకపోతున్నాను. పళ్ళెం ముందు కూర్చుంటే చాలు, ఇంకొక్కటి, ఇంకొక్కటి అని వినిపిస్తుంది. నేను ప్రతిసారీ చెప్పాను. మీరందరూ నవ్వారు. మా దేశంలో పిచ్చివాళ్ళ మాటొక్కటే అలా విననట్టు వదిలేస్తారు. నిండుసభలో నన్ను పిచ్చివాణ్ణి చేశారనుకున్నాను."

"నవ్వింది సంతోషంతో నాయనా."

"నాకెలా తెలుస్తుంది?"

తలుపు మీద మొదటి గొడ్డలి దెబ్బ పడింది. కెంపి కాళ్ళు నేల మీద జారాయి.

కనకాంగీదేవి పీట మీద కూలబడింది, నేతిగిన్నెని ఒళ్ళోకి తీసుకుని. "మా చిన్నప్పుడు పాలవెల్లిలో కరువొచ్చింది," అంది. "కోటలో కూడా కొలిచి వండేవాళ్ళు. చుట్టాలొస్తే ఇంట్లో పిల్లలున్నారని వాళ్ళు వద్దనేవాళ్ళు. ఆకలితో ఉండి వద్దంటున్నారని తెలిసి మా అమ్మ పెట్టేది. వాళ్ళు మాకోసం వద్దనేవాళ్ళు, మేం వాళ్ళకోసం వినేవాళ్ళం కాదు. అలా వచ్చింది ఆ మర్యాద. చెడ్డది కాదు నాయనా."

"కాదు," అన్నాడు అగ్నిశిఖుడు. చెప్పిందాన్ని తూచి చూసి, "మంచిదే," అన్నాడు. "కానీ నాకు ఆకలి లేదు ఆ రోజు."

రెండో గొడ్డలి దెబ్బకి తలుపులో వెలుతురు గీత పడింది.

"అమ్మగారూ," అంది కెంపి, పళ్ళ బిగువున. "మా అమ్మ కూడా ఇలాగే. మా నాన్న చాలన్నప్పుడల్లా చెంబు బోర్లిస్తాడు. అది బోర్లిస్తే అమ్మ ఆగాలి. ఆగడానికి ఆవిడకి నేను పుట్టి పెద్దయ్యేంత కాలం పట్టింది. కానీ ఆగింది. నేనిప్పుడు ఇంటికెళ్ళేసరికి వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి. మీకు ఆ ఒక్క మాట రాకపోతే, వాళ్ళలో ఒకరు ఓడెక్కుతారు."

కూజాలోంచి గురక సన్నబడింది. సన్నబడి, ఆగిపోయేట్టుంది. నేతిగిన్నె కనకాంగీదేవి ఒళ్ళో చిన్నగా టంగుమంది. మాటలు లేకపోయినా మేనల్లుడి సణుగుడు మేనత్తకి తెలియకపోదు.

ఆవిడ అగ్నిశిఖుడి మొహం వైపు చూసింది. విస్తట్లోకి కాదు, చేతికేసి కాదు, మొహంలోకి. ఆవిడ జీవితంలో కొన్ని వేలమందికి వడ్డించింది. వాళ్ళ విస్తళ్ళు ఇప్పటికీ గుర్తున్నాయి.

"తప్పు," అంది, ఆ మాట ఎంత బరువుందో చూసుకుంటున్నట్టు. "తప్పయింది."

అగ్నిశిఖుడు చెయ్యి ఎత్తాడు, ఆపాడు. "ఏం తప్పు? ఎవరిది?"

"అదీ చెప్పాలా?"

"మా దేశంలో సగం మాట చెల్లదు."

తలుపు నడిమికి చీలింది. చీలికలోంచి కంచుసింహం పంజా లోపలికి వచ్చి కెంపి జడ అందుకుంది. పద్మం మీద రేకు ఆవగింజంత మిగిలింది. కనకాంగీదేవి గరిటె తీసి, పీట పక్కన బోర్లించి పెట్టింది.

"నువ్వు వద్దన్నావు," అంది. "వినపడలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. వినపడింది. మొదటిసారే వినపడింది. విని కూడా వడ్డించాను. తప్పు నాది, నాయనా."